కుప్పమ్మ తిరిగి తెచ్చిన హీటరు

పలమనేరులో కరెంటు సామాన్ల అంగడి పెట్టుకుని నేను చాలా రకాల గొడవలు చూశాను. మిక్సీ తిరగడం లేదని వచ్చేవాళ్లు, మోటారు నీళ్లు తోడడం లేదని వచ్చేవాళ్లు, ఫ్యానులో గాలికంటే చప్పుడే ఎక్కువగా ఉందని వచ్చేవాళ్లు. వాళ్లతో ఎంతవరకు వాదించాలో, ఎక్కడ తగ్గి సర్దుకోవాలో నాకు బాగా తెలుసు. కానీ వస్తువు బాగా పనిచేస్తోందని తిరిగి తెచ్చిన మనిషి మాత్రం ఒక్కతే. ఆమె ఏటిగడ్డపల్లె కుప్పమ్మ.

అది పుష్యమాసం. అంగడి తెరిచి ఊదుకడ్డీలు వెలిగించానో లేదో, మంచులోంచి ఆమె వచ్చింది. నెత్తిన హీటరు అట్టపెట్టె. అరవై దాటిన మనిషి, బస్టాండు నుంచి ఆ బరువు మోసుకుని వచ్చింది. పెట్టెను గల్లాబల్ల మీద దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"దీన్ని ఎనక్కి తీసుకో నాయనా."

"ఏమైంది పెద్దమ్మా? వేడెక్కలేదా?"

"ఎక్కుతాండాది."

"కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా?"

"లేదు."

"మరి దీనికేం రోగం?"

"దానంతట అదే ఎలుగుతాది, దానంతట అదే ఆరిపోతాది. నాకు అట్లాంటిది వద్దు. మనిషి ఎలిగించల్ల, మనిషి ఆర్పల్ల. అట్లాంటిది ఉంటే ఇయ్యి."

నాకు ఒళ్లు మండింది. మంచి సరుకు ఇచ్చాను. అంగట్లో ఉన్నవాటిలో అంతకంటే మంచిది లేదు. "ఊరంతా ఆటోమేటిక్ కావల్ల అని అడుగుతాండారు. నువ్వొక్కతే పాతకాలానికి పోతాండావు. పొద్దున్నే నాతో ఆటలాడేదానికి వచ్చినావా?" అన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు ఆమె మొహం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. టీ తెప్పించాను.

ఆమె అడిగిన దానిలో ఎంత దిగులు ఉందో తెలియాలంటే ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

ఏటిగడ్డపల్లెలో దొరస్వామి, మునిచంద్ర అని ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్లు. కుప్పమ్మ పెద్దాయన భార్య, చంద్రకాంతమ్మ చిన్నాయన భార్య. అన్నదమ్ములు బతికుండగానే వాటాలు వేసుకున్నారు. ఇంటి మధ్యలో గోడ లేచింది. మల్బరీ తోటను కాలువ వెంబడి రెండుగా చీల్చారు. ఇంటి వెనక తోటలో ఉన్న పట్టుపురుగుల షెడ్డును మాత్రం ఎవరూ చీల్చలేకపోయారు. మధ్యలో గోడ కడితే గాలి ఆడదు, గాలి ఆడకపోతే పురుగులు బతకవు. అందుకని దాన్ని ఉమ్మడిగానే ఉంచేశారు. తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. షెడ్డు తోడికోడళ్ల చేతికి వచ్చింది.

మా పలమనేరు గట్టు మీద చలికాలం చలి గట్టిగానే ఉంటుంది. కింద తిరుపతిలో ఫ్యాన్లు తిరుగుతుంటే ఇక్కడ మేము చెవులకు గుడ్డలు కట్టుకుంటాం. మనుషులైతే ముసుగు తన్ని పడుకుంటారు. పట్టుపురుగులకు ఆ వీలు లేదు. చలి తగిలితే ఆకు ముట్టవు, ఎదుగుదల ఆగిపోతుంది. అందుకని చలికాలపు పంటకు షెడ్డులో బొగ్గుల కుంపటి పెడతారు. కుంపటిని వదిలి నిద్రపోవడానికి లేదు. ఆరితే చలి, ఎక్కువైతే ఉక్క. ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాల్సిందే. కుప్పమ్మ ముందు కూర్చునేది, తర్వాత చంద్రకాంతమ్మ వచ్చి ఆమెను పడుకోమని పంపేది.

షెడ్డు మడి గట్టిది. గడపలో సున్నపునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి పోవాలి. బయట తిరిగిన కంబళి, దుప్పటి లోపలికి తీసుకుపోకూడదు. అందుకని లోపలే మేకుకు ఒక నల్ల కంబళి వేలాడేది. ఇద్దరికీ అదొక్కటే. వంతు దిగేవాళ్లు భుజం మీంచి తీసి ఇస్తే, వంతు ఎక్కేవాళ్లు కప్పుకునేవాళ్లు. కుంపటి పక్కన అంతసేపు కూర్చున్న మనిషి ఒంటి వేడి ఆ కంబళిలో ఉండేది.

ఒక ఏడాది పెద్ద పొరపాటు జరిగింది. చంద్రకాంతమ్మ తోట చివరి సాలు నుంచి ఆకు కోసి తెచ్చి పురుగులకు వేసింది. ఆ సాలు పక్కనే పరాయివాళ్ల టమాటా తోట. ముందురోజు వాళ్లు టమాటాకు మందు కొట్టారు. గాలికి ఆ మందు మల్బరీ మీద పడింది. గట్టు సాలు ఆకు పురుగుకు వేయకూడదని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఆరోజు వాన పట్టేలా ఉందని ఆమె తొందరపడింది. సాయంత్రానికి తట్టల్లో ఒక్క పురుగు మిగల్లేదు. మునిచంద్ర పోయిన సంవత్సరమే అది. కుప్పమ్మ ఆ చచ్చిన పురుగులను చూస్తూ, ఊరి ఆడవాళ్లందరి ముందు, "మొగుణ్ణి మింగినట్టే వీటినీ మింగితివి కదే" అనేసింది.

ఆరోజు నుంచి చంద్రకాంతమ్మ కుప్పమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అక్కా అని పిలవడం మానేసింది. ఆ తర్వాత ఎన్ని పంటలు తీశారో, ఎన్ని చలికాలాలు ఒకే కుంపటి దగ్గర వంతులు మార్చుకున్నారో! మాట మాత్రం లేదు. కంబళి చేతులు మారేది, అంతే.

వీళ్లు మాట్లాడుకోకపోవడం ఎలాంటిదో నేను కార్తీకమాసంలో నా కళ్లతో చూశాను. అప్పుడే కుప్పమ్మ మొదటిసారి నా అంగడికి వచ్చింది. "పురుగుల షెడ్డుకు కరెంటు కుంపటి కావల్ల" అంది.

హీటరు కావాలని మనిషి నడుచుకుంటూ రావడం మాకు పండగ కింద లెక్క. ఉన్న రకాలన్నీ దించాను. ఎర్రగా కాలే కడ్డీలది పెట్టగానే, "ఎండుటాకు దీనిమీద పడితే?" అంది. నిజమే, పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికలు, తట్టల కింద కాగితాలు, అన్నీ అంటుకునేవే. దీపంలా వెలిగే రకం చూపించాను. అంత వెలుతురుకు పురుగులు ఒక పక్కకు చేరి ఒకదానిమీద ఒకటి పడతాయట. వేడిగాలి ఊదే దాని ముందు చెయ్యి పెట్టి చూసి, ఈ గాలికి ఆకు గంటలో వాడిపోతుందని పక్కకు నెట్టింది. చివరికి నూనె హీటరు దించాను. పక్కటెముకల్లాంటి రేకులు, లోపల నూనె. మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది. కరెంటు పోయినా కొంతసేపు వేడి నిలుస్తుంది. కావలసినంత వేడికి ముల్లు తిప్పి పెడితే, దానంతట అదే ఆగి దానంతట అదే వెలుగుతుంది. పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టుకుంటే గాలి పొడిబారదని కూడా చెప్పాను.

ఆమె అన్నీ విని ఒక్క ప్రశ్న అడిగింది. "దీని దగ్గర కూర్చున్నోళ్లకు తల తిరగదు కదా?"

"దీని దగ్గర ఎవురూ కూర్చోబల్లేదు పెద్దమ్మా. అదే కదా దీని గొప్ప" అన్నాను గర్వంగా. "అయినా నువ్వు కొనేది పురుగులకా, మనుషులకా?"

ఆమె నవ్వలేదు. పెట్టె కట్టమంది.

మర్నాడు వైరు లాగడానికి పోయాను. అంత పెద్ద హీటరును మామూలు ప్లగ్గుకు తగిలిస్తే కాలిపోతుంది. మీటరు నుంచి షెడ్డుకు లావు వైరు వేరేగా వేసి, ఎర్తు ఇచ్చాను. చంద్రకాంతమ్మ గడప దగ్గర నిలబడి చూస్తోంది. సన్నటి మనిషి, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటోంది. "అది యాడ పెడతారని ఆయమ్మను అడుగప్పా" అని నాతో అంది. ఆయమ్మ నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. "మూలలో పెడతామని ఆయమ్మకు చెప్పు నాయనా" అని కుప్పమ్మ నాతోనే అంది. ఇద్దరి మధ్య నేను టెలిఫోను తీగలా నిలబడి, విన్న మాటనే మళ్లీ వినిపించాను. వాళ్లకు నవ్వు రాలేదు. నాకొక్కడికే వచ్చింది.

ఇదీ వెనకటి కథ. ఇప్పుడు టీ చల్లారిపోతుంటే నా అంగట్లో కూర్చుని కుప్పమ్మ మిగతాది చెప్పింది.

కార్తీకంలో చలి మొదలైనప్పుడు ఒక తెల్లవారుజామున ఆమె షెడ్డుకు పోతే చంద్రకాంతమ్మ కుంపటి పక్కన ఒరిగిపోయి ఉందట. తలుపులు బిగించి ఉన్నాయి, బొగ్గుల ఆవిరి తలకెక్కింది. కుప్పమ్మ ఆమెను రెక్కలు పట్టి బయటికి ఈడ్చి, నీళ్లు చల్లి, గాలి విసిరింది. చాలాసేపటికి కళ్లు తెరిచింది. కళ్లు తెరిచి కుప్పమ్మను చూసి, మొహం తిప్పుకుని, లేచి తూలుకుంటూ వాళ్ల ఇంట్లోకి పోయింది.

"నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు నాయనా" అంది కుప్పమ్మ. "పోయిందనుకున్నా. ఆ పొద్దే నీ దగ్గరికి వచ్చింది నేను."

"మంచి పనే కదా చేసినావు."

"ఏం మంచి. హీటరు పెట్టినప్పట్నుంచి ఆయమ్మ షెడ్డులోకి రాలేదు. ఏం పనుండాదని వస్తాది? ఆకు కోసుకొచ్చి గడప బయట పెట్టి పోతాది. పోయిన పంటంతా నేనొక్కతే. గూళ్లు బాగా వచ్చినాయి, మార్కెట్టులో అందురూ బాగుండాయి అన్నారు. ఇంటికొచ్చి ఎవురికి చెప్పేది?"

చంద్రకాంతమ్మకు ఒక కూతురు ఉంది, స్రవంతి. తిరుచానూరులో మొగుడితో కలిసి పూల అంగడి నడుపుతోంది. అమ్మను తన దగ్గరికి వచ్చేయమని ఎప్పటినుంచో అడుగుతోంది. పురుగులకు రెండో మనిషి కావాలి కదా అని చంద్రకాంతమ్మ ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చింది. ఇప్పుడు రెండో మనిషి అక్కర్లేదు.

"ఈ పొద్దే వస్తాది ఆ పాప. తోడుకుని పోతాది" అంది కుప్పమ్మ.

"ఉండమని అడగరాదా?"

"ఏ నోటితో అడిగేది? ఆ మాట అనింది ఈ నోరే కదా."

"అయితే హీటరేం చేస్తాది?"

"మనిషి కావల్సిన హీటరైతే, ఒంటిగా చెయ్యలేదని ఆయమ్మకే తెలుస్తాది. నేను అడగబల్లేదు." గ్లాసు కింద పెట్టింది. "షెడ్డు వెచ్చగా ఉండాది నాయనా. కంబళే సల్లగా ఉండాది."

మా ఇంటావిడ షహర్‌బాను పోయాక నేను అంగడికి వచ్చేటప్పుడు ఇంట్లో టీవీ ఆపకుండా వస్తున్నాను. రాత్రి తాళం తీసేసరికి లోపల ఎవరో మాట్లాడుతూ ఉండాలి. కరెంటు దండగ అని ఊరందరికీ చెప్పే మనిషిని నేను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున కుప్పమ్మకు చెప్పబోయి, చెప్పలేక, అటక ఎక్కాను.

అటక మీద పాత హీటరు ఒకటి ఉంది. జాలీ తొడుగు ఉన్న కడ్డీల రకం, ముల్లూ గిల్లూ ఏమీ లేవు. స్విచ్చు వేస్తే కాలుతూనే ఉంటుంది. దుమ్ము దులిపి, వెలిగించి చూసి, "దీన్ని పెట్టి నిద్రపోతే నీ పురుగులు ఉడికిపోతాయి. ఒక మనిషి కాపలా ఉండాల్సిందే" అన్నాను.

"అదే కావల్ల" అంది. ఆమె మొహంలో కాస్త కళ వచ్చింది.

అంగడి మూసి, ఆటో మాట్లాడి, ఆమెను ఎక్కించుకుని బయలుదేరాను. ఎందుకైనా మంచిదని నూనె హీటరును కూడా ఆటోలోనే పెట్టించాను. దారంతా కుప్పమ్మ ఏటిగట్టు వైపు చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి, "మూడో జ్వరం నుంచి లేచినాయి పురుగులు. ఇంక ఆకలి ఎక్కువ. ఇద్దురు ఉండల్సిన పనే" అంది. పురుగులు ఆకు మానేసి, తల పైకెత్తుకుని, కుబుసం విడిచే రోజులను వాళ్లు జ్వరం అంటారు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. ఇంటికి పోయి అనాల్సిన మాటను నేర్చుకుంటున్నట్టు ఉంది.

మేము పోయేసరికి స్రవంతి వచ్చేసింది. వాకిట్లో సంచులు కట్టి ఉన్నాయి. చంద్రకాంతమ్మ తన వైపు ఇంటి తలుపుకు తాళం వేసి, అది పడిందో లేదో లాగి చూస్తోంది.

నేను షెడ్డులో పాత హీటరు బిగించడం మొదలుపెట్టాను. కుప్పమ్మ కింద కూర్చుని కొమ్మల నుంచి ఆకు దూస్తోంది. మామూలుకంటే గట్టిగా, చప్పుడయ్యేలా దూస్తోంది. కాసేపటికి గడపలో నీళ్ల చప్పుడైంది. చంద్రకాంతమ్మ తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి వచ్చింది. వెనక స్రవంతి గడప అవతలే ఆగింది.

"ఇది ఆటోమేటిక్ కాదా అప్పా?" అని చంద్రకాంతమ్మ నన్ను అడిగింది.

"కాదమ్మా. మనిషి ఉండల్ల."

"ఎవురుండేది?"

నేను చెప్పాల్సింది కాదు అది. కుప్పమ్మ వైపు చూశాను. ఇప్పుడు అనాలి, ఒక్క మాట, నువ్వే ఉండు అని. ఆమె పెదవులు కదిలాయి. ఆకు దూసే చేతులు కూడా ఆగాయి. మాట మాత్రం రాలేదు. షెడ్డులో పురుగులు ఆకు తినే చప్పుడొక్కటే వినబడుతోంది.

గడప బయట నుంచి స్రవంతి అంది: "అమ్మకు ఆయాసం తగ్గలేదు బాయ్. ఆ బొగ్గుల పొగ తగిలినప్పట్నుంచి ఇట్లనే ఉండాది. తిరుపతిలో డాక్టరుకు చూపియ్యల్ల. ఈడుంటే ఎవురు చూస్తారు?" మంచి పిల్ల. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఎవరి మాటలోనూ తప్పు లేకపోతే మనిషి ఎవరి మీద కోప్పడతాడు?

చంద్రకాంతమ్మ పాత హీటరును వేలితో తట్టింది.

"దీన్ని తీసెయ్యప్పా" అంది. "అక్కకు మోకాళ్ల నొప్పులు. ఒక్కతే ఎంతసేపని మేలుకుంటాది. నిద్రపోయినా పనిచేసేదే పెట్టు."

అక్క. ఆ మాట నేను విన్నాను. స్రవంతి కూడా విన్నట్టుంది, తల ఎత్తింది. కుప్పమ్మ ఒళ్లో ఆకు అలాగే ఉంది.

ఇప్పుడైనా అంటుందని నేను ఎదురుచూశాను. ఆయాసం మనిషిని పట్టుకుని ఉండమంటే ఎలాగని ఆమె లోపల ఏం లెక్క వేసుకుందో! చివరికి తల ఎత్తకుండానే, "ఆ మంచిదే పెట్టు నాయనా" అంది.

ఇద్దరూ ఒకే హీటరు అడిగారు. ఒకరి నిద్ర కోసం ఒకరు, ఒకరి ఊపిరి కోసం ఇంకొకరు. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని అక్కడ ఎందుకు నిలబడ్డానో నాకే తెలియలేదు. పాతది విప్పేసి, ఆటోలోంచి నూనె హీటరు తెచ్చి మూలలో పెట్టి తగిలించాను. ముల్లు ఎప్పటి గుర్తు దగ్గరికే తిప్పాను. తర్వాత మీటరు దగ్గర వైరు ఒకసారి చూసుకుందామని ఇంటి ముందుకు వచ్చాను. కుప్పమ్మ కూడా నా వెనకే వచ్చి, సంచులను ఒక్కొక్కటే ఆటోలో సర్దడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండానే, ఒక సీసా ఊరగాయ తెచ్చి సంచిలో దూర్చింది.

నేను వచ్చిన ఆటోనే స్రవంతి బస్టాండుకు మాట్లాడుకుంది. చంద్రకాంతమ్మ మాత్రం ఎంతకీ షెడ్డులోంచి రాలేదు.

"అమ్మా, బస్సు పోతాది" అని స్రవంతి రెండుసార్లు కేకేసింది.

చాలాసేపటికి వచ్చింది. నుదురు, మెడ చెమటతో తడిసి ఉన్నాయి. చలికాలంలో ఈ చెమటేమిటి, మళ్లీ ఒంట్లో బాగాలేదేమో అని నేను కంగారుపడ్డాను. ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఆటో ఎక్కి కూర్చుంది. కుప్పమ్మ ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. డ్రైవరు బండి కదిలించాక కుప్పమ్మ చెయ్యి వదిలింది. ఏటిగట్టు మలుపు దాకా ఆటో కనిపించింది.

నా సామాను షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని తెచ్చుకోవడానికి కుప్పమ్మ వెనకే లోపలికి పోయాను. హీటరు పనిచేస్తోంది, షెడ్డంతా ఉక్కగా వెచ్చగా ఉంది. కుప్పమ్మ మేకు దగ్గర ఆగింది. "ఇంక దీంతో ఏం పని, ఉతికి పెట్టెలో పెడతా" అని నల్ల కంబళిని మేకు మీంచి తీసింది.

తీసి, అలాగే నిలబడిపోయింది. రెండు చేతుల్తో కంబళిని దగ్గరికి లాక్కుంది. దాని మధ్యలో చెయ్యి పెట్టి చూసింది, మొహం ఆనించి చూసింది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. నేను కూడా అంచు పట్టుకుని చూశాను. కంబళి వెచ్చగా ఉంది. అప్పుడే మనిషి భుజం మీంచి తీసి ఇచ్చినంత వెచ్చగా ఉంది. చంద్రకాంతమ్మ అంతసేపు లోపల ఒక్కతే ఏం చేసిందో, ఆ చెమట ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

కుప్పమ్మ ఆ కంబళిని భుజాల చుట్టూ కప్పుకుని, ఎప్పుడూ కుంపటి ఉండే చోట కూర్చుంది. మిట్టమధ్యాహ్నం. ఆమె నుదుటి మీద చెమట పోస్తోంది. తుడుచుకోవడం లేదు, కంబళి తీయడం లేదు. నేను నా సామాను సర్దుకుని, తలుపు దగ్గరగా వేసి, పలమనేరు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.